గోలుపోస్టు మెడలో దండ

గుఢియారీ బజారుకు కూరగాయలకని వెళ్ళిన సూరమ్మ ఖాళీ సంచీతో తిరిగొచ్చింది. గుమ్మంలో నిలబడి మొగుణ్ణి నెత్తి నుంచి కాళ్ళ దాకా ఒకసారి, కాళ్ళ నుంచి నెత్తి దాకా ఒకసారి చూసింది. అది చాలక దగ్గరకొచ్చి ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో కూడా చూసింది.

"ఏటే, ఏటయ్యింది?" అన్నాడు పరదేశి. అప్పుడాయన మంచం మీద కూర్చుని కుడి మోకాలికి ఆముదం రాసుకుంటున్నాడు.

"నాకేటీ అవలేదు. నీకే ఏటో అయ్యింది. పూలోడు నీ పేర దండ కడతన్నాడు. మూడు మూరలు. బంతిపూలు, మజ్జిలో జరీ. ఎవులికిరా బావూ అంటే, 'పరదేశీ భయ్యా కే లియే, కల్ దోపహర్' అన్నాడు. పరదేశన్నకే, రేపు మజ్జేనానికట."

పరదేశి చెయ్యి మోకాలి మీదే ఆగిపోయింది.

రాయపూర్ రైల్వే కాలనీలో మగవాడి మెడలో దండ పడేది మూడంటే మూడుసార్లు. మొదటిది పెళ్ళిలో. రెండోది రిటైరైన రోజు, డప్పులు కొట్టి ఇంటి దాకా సాగనంపేటప్పుడు. మూడోది పడ్డట్టు వేసుకున్నవాడికి తెలియదు. పరదేశికి పెళ్ళయి ఇరవయ్యేళ్ళయింది. రిటైరవడానికి ఇంకా పదిహేడేళ్ళుంది.

"అందుకే ఊపిరి సూసినాను," అంది సూరమ్మ.

"కొండలరావు పని," అన్నాడు పరదేశి ఆముదం గిన్నె పక్కన పెట్టి. "రేపు ఫైనలు కదా. నన్ను బతికుండగానే సాగనంపతన్నాడు."

అది డెబ్బై తొమ్మిది డిసెంబరు. పరదేశికి నలభై ఒకటి. అందులో ఇరవై రెండేళ్ళు ఫుట్‌బాలులో వెనక కాపలా కాయడంలోనే పోయాయి. యాభై ఏడులో సోంపేట పక్క నుంచి వచ్చిన ఖలాసీ కొడుకుగా, ఉత్తి కాళ్ళతో మైదానంలోకి దిగాడు. గోలు కొట్టేవాళ్ళకు పేర్లొచ్చాయి, ప్రమోషన్లొచ్చాయి, కలకత్తా పిలుపులొచ్చాయి. వెనక నిలబడి గోలు ఆపేవాడికి వచ్చినవి దెబ్బలు. ఇన్నేళ్ళలో ఆయన ఒక్క గోలు కొట్టాడు. అది కూడా సొంత గోల్లోనే. ఆ తప్పు గాలిదని ఇప్పటికీ వాదిస్తాడు.

అయినా ఆయన్ను వదులుకున్నవాళ్ళు లేరు, ఉంచుకున్నవాళ్ళూ లేరు. ఎక్కడ టోర్నమెంటు జరిగినా, ఏ జట్టుకు వెనక మనిషి తక్కువైనా రైల్వేకు ఉత్తరం వచ్చేది. పక్క డివిజనుకు ఇంజన్ని అరువిచ్చినట్టు రైల్వేవారు పరదేశిని అరువిచ్చేవారు. వారం సెలవు, బండి పాసు, రెండు పూటలా భోజనం, ఆడినందుకు ఒక చొక్కా. రాజనందగావ్ మిల్లుకు ఆడాడు. చిరిమిరి బొగ్గు గనికి ఆడాడు. అక్కడ మైదానం అంచున గొయ్యి ఉండేదట. బంతి అందులో పడితే లిఫ్టులో దిగి తీసుకురావాలట. ఓసారి పరదేశి బంతితో పైకి వచ్చేసరికి ఆట అయిపోయి, ప్రైజులు పంచేసి, దీపాలు పెట్టేశారట. భన్‌పురి లారీల యూనియనుకు ఆడాడు. జగదల్‌పూర్‌లో ఆడుతుంటే ఆంబోతొకటి మైదానంలోకి వచ్చి బంతిని కొమ్ములతో నెట్టుకుంటూ గోలు వైపు బయల్దేరింది. అందరూ చెట్లెక్కారు. పరదేశి ఒక్కడే అడ్డం పోయి కాలు పెట్టి బంతి లాక్కున్నాడు. రిఫరీ చెట్టు మీద నుంచే విజిలు ఊది, ఆంబోతుకు ఫౌలు ఇచ్చాడు. ఆ ఫౌలు అన్యాయమని పరదేశి ఇప్పటికీ ఒప్పుకోడు.

అలా పదిహేడు జట్లు, పదిహేడు చొక్కాలు. సూరమ్మ వాటన్నిటినీ కత్తిరించి బొంత కుట్టింది. అందులో లేనిది సొంత రైల్వే జట్టు చొక్కా ఒక్కటే; అదింకా ఒంటి మీద వాడుకలో ఉంది. కప్పు మాత్రం ఏ జట్టుతోనూ గెలవలేదు. ఎందుకంటే గెలిచే జట్టుకు వెనక మనిషి అరువు అక్కర్లేదు.

ఆటకు జీతం లేదు. జీతం యార్డులో. గూడ్సు బండి వచ్చి ఆగగానే పొడుగు కర్ర సుత్తి పట్టుకుని చక్రాలన్నీ వరసగా కొట్టుకుంటూ పోవడం పరదేశి ఉద్యోగం. టంగుమని మోగితే చక్రం మంచిది. టప్పుమని బొంగురుపోతే ఎక్కడో పగులుంది. అప్పుడు జేబులోంచి సుద్దముక్క తీసి వ్యాగను మీద 'సిక్' అని రాసి, తేదీ వేసి, పొట్టి సంతకం పెట్టాలి. ఇక దాన్ని రిపేరు లైనుకు లాక్కుపోతారు.

ఆ యార్డులో ఒక కట్టుబాటు ఉంది. కొట్టి విన్నవాడే రాయాలి. రాసినవాడే చెరపాలి. ఇంకెవరూ ముట్టుకోకూడదు. పూర్వం ఒక పెద్ద ఆఫీసరు తొందరపడి జేబురుమాలుతో ఆ రాత చెరిపేశాడట. బండి పక్క స్టేషను దాటకుండానే ఒక చక్రం ఊడి, పట్టాలు దిగి, పొలాల మీదుగా దొర్లుకుంటూ పోయి, ఆ ఆఫీసరు బంగళా గుమ్మం ముందే ఆగి పక్కకు ఒరిగిందట. అప్పటి నుంచీ ఆ రాత జోలికి ఎవరూ పోరు.

సాయంత్రం పరదేశి కొండలరావు ఆఫీసుకు వెళ్ళాడు. కొండలరావుది తణుకు. హెడ్ క్లర్కు, పైగా క్రీడల సెక్రెటరీ. జన్మలో ఆయన కాలితో తన్నింది ఏదైనా ఉంటే అది బల్ల కింద తగిలే చెత్తబుట్ట.

"రావయ్యా, రా! నేనే కబురు పెడదావనుకుంటున్నాను. శాలువా చూశావా? పండరీ బట్టల బజార్లో కొన్నాం. మా ఆవిడే ఎంచింది."

"నా మోకాలు ఎవురు కొట్టి సూసినారు బావూ?"

"కొట్టడవేవిటి?"

"సిక్ అని రాసీసినారు గదా. కొట్టి ఇన్నదెవురు?"

"నువ్వేవన్నా వ్యాగనువా?"

"వ్యాగన్నయితే నయిం. కొట్టకుండా రాయరు."

కొండలరావు కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడు పరదేశీ. నలభై దాటాయి. కుంటుతున్నావని ఊరంతా అంటోంది. రేపు పెద్ద దొరగారు వస్తున్నారు. ఆట మొదలవకముందే ఆయన చేతుల మీదుగా దండ వేయించుకో, శాలువా కప్పించుకో, హాయిగా కుర్చీలో కూచుని ఆట చూడు. నీ చోట్లో మా బావమరిది అమ్మిరాజు ఆడతాడు. కుర్రాడు, గుర్రంలా ఉంటాడు."

"దండ ఏస్కున్నాక?"

"ఇంకేవుంది? లిస్టులోంచి నీ పేరు తీసేస్తాం. గౌరవంగా."

"ఏస్కోకపోతే?"

"దొరగారు వేస్తుంటే వేసుకోకుండా ఎలా ఉంటావయ్యా!" అని నవ్వాడు కొండలరావు. "చొక్కా, బూట్లు వేసుకునే రా. ఫొటోకి బాగుంటుంది. అందుకే నీ పేరు రిజర్వులో ఉంచాను."

ఫొటో మీది ఆశతో కొండలరావు చేసిన తప్పు అదొక్కటే.

మర్నాడు మధ్యాహ్నానికి మైదానం నిండిపోయింది. ఎదటి జట్టు భిలాయి ఉక్కు ప్లాంటువాళ్ళు. షామియానా కింద దొరగారు, ఆయన పక్కన మైకు, మైకు పక్కన కొండలరావు. ఇరవయ్యేళ్ళలో ఒక్క ఆటకూ రాని సూరమ్మ కూడా వచ్చి ఆడవాళ్ళ వరసలో కూర్చుంది. ఒళ్ళో ఏదో పొడుగ్గా, పాత తువ్వాల్లో చుట్టి ఉంది.

"ఏటది?" అన్నాడు పరదేశి.

"నీ సుత్తి."

"దేనికే?"

"ఆ కొండలరావు ఎక్కువ మాటాడితే నానూ కొట్టి సూస్తాను. బొంగురుందో లేదో."

మైకులో కొండలరావు పరదేశిని వీరుడన్నాడు, కోటగోడన్నాడు, చివరకు 'మన మధ్య లేని లోటు' అని కూడా అనేశాడు. దొరగారు దండ ఎత్తారు. పరదేశి మెడ వంచి, దండ మెడను తాకేలోపు రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నాడు. దొరగారు చేతులు గాలిలోనే ఉంచి చూస్తున్నారు. పరదేశి దండ పట్టుకుని మైదానంలోకి నడిచాడు. తిన్నగా పడమటి గోలు దగ్గరకు పోయి, మునివేళ్ళ మీద లేచి, నిలువు కమ్మీ, అడ్డకమ్మీ కలిసే మూలకు ఆ దండ తగిలించాడు.

ఆ గోలుపోస్టులు మామూలువి కావు. యాభై ఆరులో పాత పట్టాలు కోసి, అతికించి పాతినవి. బంతి తగిలితే గుడిగంటలా మోగుతాయి.

పరదేశి అక్కడి నుంచే, మైకు అక్కర్లేని గొంతుతో అన్నాడు: "దొరా! ఇది యాభై ఆరు బ్యాచి. నానేమో యాభై ఏడు. నన్ను రిటైరు సెయ్యాలంటే ముందు దీన్ని సెయ్యాల. రైల్వేలో సీనియారిటీ సీనియారిటీయే!"

ముందు ఖలాసీల వరస నవ్వింది. తర్వాత గార్డులు, డ్రైవర్లు. చివరకు దొరగారు కూడా నవ్వారు. నవ్వనివాడు కొండలరావు ఒక్కడే. చేతిలో శాలువాతో, ఎవరికి కప్పాలో తెలియని మనిషిలా నిలబడిపోయాడు.

ఆట మొదలైంది. ఉక్కువాళ్ళకు సోహన్ సాహు అని దుర్గ్ కుర్రాడొకడున్నాడు. పరిగెడితే వాడి నీడ వాడిని అందుకోలేక మైదానం మధ్యలో ఆగిపోయి వాడు తిరిగొచ్చేదాకా కూర్చునేదట. అలాంటివాడికి అమ్మిరాజు ఎదురు నిలబడ్డాడు. పదో నిమిషంలో ఒక గోలు. ఇరవయ్యో నిమిషంలో ఇంకొకటి. రెండోసారి అమ్మిరాజు వెళ్ళిన వైపుకు సోహన్ గానీ బంతి గానీ రానే లేదు.

అమ్మిరాజు బయటికి నడిచి తిన్నగా పరదేశి దగ్గరకు వచ్చేశాడు. "బాబాయ్, నా వల్ల కాదు. ఆడు నన్ను దాటి ఎళ్ళినట్టు నాకు తెలుస్తోంది. కానీ ఎళ్ళాకే తెలుస్తోంది."

"లోపలికి పోరా!" అని అరిచాడు కొండలరావు.

"కాలు బెణికింది బావగారూ."

"ఏ కాలు?"

అమ్మిరాజు తన కాళ్ళ వంక మార్చి మార్చి చూసుకున్నాడు. "రెండూనండి."

పరదేశి బూటుతాళ్ళు బిగించాడు. కొండలరావు అడ్డం వచ్చాడు. "నీ పేరు లేదయ్యా. దండ పడింది, లిస్టులోంచి తీసేశాను."

రిఫరీ కోటయ్య, పాతకాలపు గూడ్సు గార్డు, జేబులోంచి లిస్టు తీశాడు. రూలు పుస్తకం తప్ప ఇంకో పుస్తకం తెలియని మనిషి. "దండ పడితే తీసెయ్యమన్నారు, నిజమే. ఎవరి మెడలో పడిందండీ?"

అందరి చూపులూ పడమటి గోలు వైపు తిరిగాయి.

"అయితే లిస్టులోంచి గోలుపోస్టు పేరు తీసేయండి," అని కోటయ్య విజిలు నోట్లో పెట్టుకున్నాడు.

పరదేశి లోపలికి దిగగానే సోహన్ పక్కనే వచ్చి నిలబడ్డాడు. మీసాలింకా సరిగ్గా రాలేదు గానీ నవ్వు మాత్రం ముదురుది. "కకా, ఘర్ జా నా. కాకీ రద్దా దేఖత్ హే." చిన్నాన్నా, ఇంటికి పో, పిన్ని దారి చూస్తోంది అని.

"దేఖత్ హే, సచ్," అన్నాడు పరదేశి ఆడవాళ్ళ వరస వైపు గెడ్డం ఎత్తి. "సుత్తితో కూసుంది సూడు."

మొదటిసారి సోహన్ ఆయన్ను సునాయాసంగా దాటి పోయాడు. రెండోసారీ పోయాడు. గోలు పడకపోవడం గోలీ అదృష్టం. జనం 'అరే, బస్ కరో భయ్యా!' అని, ఇక చాలించమన్నారు. పరదేశి అవేమీ వినడం లేదు. ఆయన వింటున్నది వేరు. ఇరవై రెండేళ్ళుగా ఆయన ఆడింది కళ్ళతో కాదు, చెవులతో. గడ్డిలేని గట్టి నేల మీద సోహన్ కాళ్ళు పడుతున్నాయి. టంగు, టప్పు, టంగు, టప్పు. మళ్ళీ టంగు, టప్పు. ఆ టప్పు ఎడమ కాలిది. మడమ దగ్గర ఏదో ఉంది. బరువు ఆన్చలేక, తిరగాలన్నప్పుడల్లా కుడి కాలి మీదే తిరుగుతున్నాడు.

మూడోసారి పరదేశి ఆ తిరిగే వైపు ముందే పోయి నిలబడ్డాడు. సోహన్ తిరిగాడు, బంతిని ఆయన కాళ్ళకే అప్పజెప్పాడు. నాలుగోసారీ అంతే. అయిదోసారి విసుక్కుని ఎడమ వైపు పోబోయాడు, మడమ మాట వినలేదు, బంతి ఒక దారి, వాడొక దారి అయ్యారు. అక్కడి నుంచి పరదేశి పరిగెత్తాల్సిన పనే లేకపోయింది. స్టేషన్లో నిలబడితే బండే వస్తుంది కదా, అలా నిలబడ్డాడు.

సగం ఆట అయి జట్లు వైపులు మారాయి. దండ వేసిన పడమటి గోలు ఇప్పుడు రైల్వేది. పరదేశి దాని ముందు నిలబడి, "ఇద్దరం ఒక డూటీకే పడ్డాం," అన్నాడు.

రైల్వే జట్టు ఒక గోలు కొట్టింది. రెండు, ఒకటి. ఇంకొకటి పడితే సమానం. అందరూ ముందుకు పరిగెత్తారు, వెనక మిగిలింది పరదేశే. అప్పుడు వినబడింది ఆయనకు, టప్పుమని. సోహన్ చాలా దూరంలో ఉన్నాడు. ఇది దగ్గర్నుంచి వచ్చింది. మరో అడుగు వేశాడు. టప్పు. తన కుడి మోకాలు.

ఇరవై రెండేళ్ళుగా ఎందరి కాళ్ళో విన్న చెవి అబద్ధం చెప్పదు. పక్కన కొండలరావు చేతులూపుతున్నాడు, బయటికి రా, బయటికి రా అని. పరదేశి అతని వైపు తిరిగి ఒకే ఒక్క వేలు ఆడించాడు. నువ్వు రాయడానికి లేదు.

చివరి నిమిషంలో బంతి సోహన్‌కు దొరికింది. మధ్యలో ఎవరూ లేరు, పరదేశి తప్ప. ఆ మోకాలితో వెంటపడి లాభం లేదు. అందుకని వెంటపడలేదు. కుడి వైపు దారంతా తనే అయి నిలబడ్డాడు. సోహన్‌కు మిగిలింది ఎడమ వైపే, మిగిలింది ఆ నొప్పి కాలే. తన్నాడు. బంతి లేచి, పరదేశి చెవి పక్కనుంచి పోయి, మూలన తగిలింది.

టంగ్!

ఆ మోత భన్‌పురి దాకా వినబడిందని, కార్ఖానాల్లో షిఫ్టు అయిపోయిందనుకుని మనుషులు బయటికి వచ్చేశారని కాలనీలో చెప్పుకుంటారు. బంతిపూల రేకులు గోలీ నెత్తిన కురిశాయి. కోటయ్య విజిలు ఊదాడు. రైల్వే ఓడిపోయింది. సొంతదైన ఈ పద్దెనిమిదో జట్టుతో కూడా పరదేశికి కప్పు రాలేదు.

"ఇది మాత్రం ఇంకా ఫిట్టే," అని ఆయన గోలుపోస్టును అరచేత్తో తట్టాడు.

సోహన్ వచ్చి పక్కన చతికిలబడ్డాడు. నవ్వు పోయింది. "కకా, మోర్ గోడ్ కే బాత్ తోలా కోన్ బతాయిస్?" నా కాలి సంగతి నీకెవరు చెప్పారని.

"తోర్ గోడ్ హీ బతాయిస్. నీ కాలే సెప్పినాది. రేపే డాక్టరుకి సూపించుకో బావూ. ఈ వయసులో రిపేరు అవుతాది."

ఈలోపు కొండలరావు శాలువాతో పరిగెత్తుకొచ్చాడు. వెనకే దొరగారు, సూరమ్మ, సగం కాలనీ. పరదేశి మైదానం అంచున కూర్చుని, కాలు చాపి, పెళ్ళాం వైపు చెయ్యి చాపాడు. ఆమె తువ్వాలు విప్పి సుత్తి ఇచ్చింది. ఆయన మోకాలి చిప్ప మీద, గుడ్డు పగలకుండా కొట్టినంత మెల్లగా, ఒక దెబ్బ వేశాడు. తల వంచి విన్నాడు.

"ఏటన్నాది?" అంది సూరమ్మ.

పరదేశి జేబులోంచి సుద్దముక్క తీశాడు. కుడి బూటు ముక్కు మీద 'సిక్' అని రాశాడు. తేదీ వేశాడు. పొట్టి సంతకం పెట్టాడు.

కొండలరావు ముఖం వెలిగిపోయింది. "నేను నిన్న చెప్పింది అదేగా! మరి ఈ గొడవంతా ఎందుకయ్యా?"

"మీరు సెప్పినారు బావూ. కొట్టలేదు. నాను కొట్టినాను, ఇన్నాను, రాసినాను." పరదేశి సుద్దముక్కను ఊది, మళ్ళీ జేబులో వేసుకున్నాడు. "రాసినోడే సెరపాల. ఇది నా కాడే ఉంటాది."

"అంటే మళ్ళీ ఆడతావా ఏవిటి!"

"అది నా మోకాలికీ నాకూ ఉన్న మాట."

దొరగారికి ఆ కట్టుబాటు తెలుసు. చక్రం వచ్చి ఒరిగిన ఆ బంగళాలో ఇప్పుడుంటున్నది ఆయనే. చేతులు వెనక్కి కట్టుకుని, ఆ బూటు వంక చూసి, జీపెక్కారు.

శాలువా మాత్రం సూరమ్మ వదల్లేదు. కొండలరావు చేతిలోంచి సున్నితంగా లాక్కుని, అంచు వేళ్ళతో నలిపి చూసింది. "మీ ఆవిడికి గుడ్డ తెలుసు బావూ. బొంతకి అడుగున ఏస్తాను." ఒక చేత్తో శాలువా, ఒక చేత్తో సుత్తి, పక్కన కుంటుతూ మొగుడు. పట్టాలు దాటి ఇంటిదారి పట్టారు.

"నిజింగా సిక్కేనా?" అంది సగం దారిలో.

"ఇవాల్టికి," అన్నాడు పరదేశి.

బొంతలో రైల్వే చొక్కా చాలాకాలం చేరలేదు. ఆ తర్వాత అయిదేళ్ళలో, జట్టుకు వెనక మనిషి తక్కువైనప్పుడల్లా, ఆ బూటు మీది రాత మూడుసార్లు చెరిగింది. మూడుసార్లూ చెరిపిన చెయ్యి ఒక్కటే. ఆ గోలుపోస్టు మెడలో మళ్ళీ ఎవరూ దండ వెయ్యలేదు గానీ, దాన్ని పీకించాలని ఏ సెక్రెటరీ అన్నా యార్డు వాళ్ళు ఒకే మాట అడిగేవారు.

"కొట్టి సూసినారా బావూ?"